గూడు తలుపు తీస్తే సరిపోదు: ఇంట్లో కుందేలు, పసిపిల్లలు, మైత్రి



ఈసారి కరపత్రంలో మనం మాట్లాడుకునే సంగతి చూసి కొందరు నవ్వొచ్చు. "అష్టాంగ మార్గం చెప్పేటోళ్లు కుందేళ్ల ముచ్చట పెట్టిండ్రేంది?" అనొచ్చు. నవ్వినా ఫర్వాలేదు, కానీ చివరిదాకా చదవండి. ధమ్మం విహారంలో మొదలై విహారంలోనే అయిపోయేది కాదు. మన గడప లోపల, మనకన్నా బలం తక్కువున్న ప్రాణితో మనం ఎట్లా ఉంటున్నమో అక్కడ దానికి పరీక్ష ఉంటది.

లింగంపేట కావచ్చు, ఎల్లారెడ్డి కావచ్చు, కామారెడ్డి కావచ్చు, ఈ మధ్య చాలా ఇండ్లల్ల పిల్లలు కుందేలు కావాలని మారాం చేస్తున్నరు. ఫోన్లో వీడియో చూస్తరు, పక్కింట్లో తెల్లగా మెత్తగా ఉన్న జత చూస్తరు. నాయిన టౌనుకు పోయినప్పుడు అట్టపెట్టెలో పెట్టుకొని తెస్తడు. రెండు రోజులు గూట్లో ఉంచుతరు. తర్వాత ఇంట్ల ఎవరికో మనసు కలుక్కుమంటది. "పాపం, జైల్లో పెట్టినట్టు ఎందుకు? ఇల్లంతా తిరగనిద్దాం" అని తలుపు తీస్తరు. ఆ ఇంట్లోనే పాకే బిడ్డ ఉంటది, మూడేళ్ల పిల్లగాడు ఉంటడు. ఇక్కడే అసలు ప్రశ్న పుడుతుంది. కుందేలును స్వేచ్ఛగా వదలడం కరుణేనా? ఎవరికి మేలు, ఎవరికి కీడు?

ప్రశ్న అడగడం మనకు కొత్త కాదు. మన పక్కనున్న బోధన్‌నే అస్సక జనపదానికి రాజధానిగా వెలిగిన పోతన నగరమని చరిత్రకారులు చెప్తారు. ఆ అస్సక నేల మీద, గోదావరి ఒడ్డున ఉన్న బావరి తన పదహారు మంది శిష్యులను ప్రశ్నలిచ్చి బుద్ధుడి దగ్గరికి పంపిండు. ఈ నేలకు ధమ్మంతో చుట్టరికం ప్రశ్నతోనే కలిసింది. కాబట్టి మనం కూడా అడుగుదాం, పరిశీలిద్దాం, తర్వాతే ఒప్పుకుందాం.

ముందు ఆ ప్రాణి ఎవరో తెలుసుకుందాం

మన పోచారం అడవిలో, చెలకల గట్ల మీద ఎగిరి దుంకే గోధుమరంగు జంతువును పెద్దోళ్లు చెవులపిల్లి అంటరు. అది అడవి కుందేలు. బొరియ తవ్వదు, గడ్డిలోనే పడుకుంటది. దాని పిల్లలు పుట్టంగనే వెంట్రుకలతో, కండ్లు తెరిచి పుడతయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది రక్షణ ఉన్న జంతువు. దాన్ని పట్టుకున్నా, ఇంట్ల పెంచినా, చంపినా నేరమే. చేన్ల దొరికిందని పిల్లలకు ఆడుకోను తెచ్చియ్యొద్దు.

దుకాణంలో అమ్మే తెల్ల కుందేలు వేరే జాతి. దాని పూర్వీకులు ఐరోపా అడవులవి. అవి నేలలో బొరియలు తవ్వుకొని గుంపుగా బతుకుతయి. పిల్లలు వెంట్రుకల్లేకుండా, కండ్లు మూసుకొని పుడతయి. ఎన్నో తరాలుగా మనిషి చేతుల్లో పెరిగినా దాని రక్తంలో భయం పోలేదు. ఎందుకంటే అది వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. పైనుంచి నీడ పడ్డా, వెనక నుంచి అడుగుల చప్పుడైనా దాని గుండె దడదడలాడుతది. ఎత్తుకుంటే గద్ద కాళ్లల్ల చిక్కినట్టే దానికి అనిపిస్తది. మనం ప్రేమగా ఎత్తుకున్నమని మనకు తెలుసు, దానికి తెల్వదు.

దద్దభ జాతకం గుర్తుందా? తాటి మొక్క కింద పండుకున్న కుందేలు, మారేడు కాయ ఎండు తాటాకు మీద పడిన చప్పుడుకు భూమి బద్దలైతుందని పరుగు పెట్టింది. దాన్ని చూసి మిగతా కుందేళ్లు, జింకలు, పందులు, ఏనుగులు అన్నీ ఉరికినయి. అప్పుడు సింహంగా పుట్టిన బోధిసత్వుడు వాటికి అడ్డం నిలబడి, "ఎవరు చూసిండ్రు?" అని ఒక్కొక్కరినే అడుక్కుంట వచ్చి చివరికి కుందేలు దగ్గర ఆగిండు. దాన్ని ఎగతాళి చేయలేదు. వీపు మీద ఎక్కించుకొని పోయి, భయం పుట్టిన చోటే నిలబడి, పడింది మారేడు కాయ అని చూపించిండు. ఈ కథను మనం గుడ్డి నమ్మకాలకు వ్యతిరేకంగా చెప్పుకుంటాం, మంచిదే. ఇంకో పాఠం కూడా ఉంది. భయపడే ప్రాణిని నవ్వులపాలు చేయొద్దు, దాని భయం ఎక్కడినుంచి వస్తుందో చూడాలె. మన ఇంట్లో డీజే పాటలు, పటాకులు, కుక్కర్ విజిల్, పిల్లల కేకలు, ఇవన్నీ కుందేలుకు మారేడు కాయలే.

బొచ్చు దులిపిన కుందేలు

శశ జాతకం మనందరికీ తెలిసిందే. బోధిసత్వుడు కుందేలుగా పుట్టిండు. కోతి, నక్క, నీటిపిల్లి అతని స్నేహితులు. ఉపోసథం రోజు వచ్చిన అతిథికి ఏదో ఒకటి పెట్టాలని నలుగురూ అనుకున్నరు. కోతి మామిడిపండ్లు తెచ్చింది, మిగతా ఇద్దరూ తమకు దొరికింది దాచిపెట్టిండ్రు. కుందేలు దగ్గర గడ్డి తప్ప ఏం లేదు, మనిషికి గడ్డి ఎట్లా పెడతది? అందుకే శక్రుడు బ్రాహ్మణుడి వేషంలో వచ్చి అడిగినప్పుడు మంట వెయ్యమని చెప్పి, తన శరీరాన్నే ఇవ్వడానికి సిద్ధపడ్డది. మంట దాన్ని కాల్చలేదు. ఆ గుర్తుగా శక్రుడు చందమామ మీద కుందేలు బొమ్మ గీసిండని కథ. చందమామకు శశి అనే పేరు కూడా కుందేలు నుంచే.

అందరూ దానం దగ్గరే ఆగిపోతరు. నేను మిమ్మల్ని దానికి ఒక్క క్షణం ముందుకు తీసుకపోత. మంటలోకి దూకే ముందు ఆ కుందేలు మూడుసార్లు తన ఒళ్లు దులుపుకుంది. ఎందుకు? బొచ్చులో ఉన్న చిన్న పురుగులు తనతో పాటు కాలిపోవద్దని. దానం ఇచ్చేది తన ప్రాణం. పురుగుల ప్రాణం తనది కాదు. అది ఇచ్చే హక్కు తనకు లేదు.

ఇప్పుడు మన ఇంటికి రండి. "మా ఇంట్ల కుందేలును ఫ్రీగా వదిలినం" అని మనం గొప్పగా చెప్పుకుంటున్నప్పుడు, మన మంచితనానికి ఖర్చు ఎవరు భరిస్తున్నరు? పాకుతూ వచ్చి నల్లగా గుండ్రంగా ఉన్న పెంటికను నోట్లో పెట్టుకునే బిడ్డనా? తలుపు సందులో కాలు నలిగే కుందేలా? రోజుకు నాలుగుసార్లు ఉచ్చ తుడిచే తల్లా? ఇతరుల ఒంటి మీద పెట్టి చేసే మంచి మంచి కాదు. ముందు బొచ్చు దులపాలె. అంటే, మన పనివల్ల ఎవరెవరికి దెబ్బ తగులుతదో వెతికి, వాళ్లను పక్కకు తప్పించి, ఆ తర్వాత పని చేయాలె.

పిల్లవాడి చేతికి వచ్చే మొదటి అధికారం

ఇంట్ల అందరికన్నా చిన్నోడు ఎవరు? మూడేళ్ల పిల్లగాడు. వాడిని అందరూ ఆజ్ఞాపిస్తరు. తిను, పండుకో, ముట్టకు, ఏడవకు. అట్లాంటి వాడి ముందుకు వాడికంటే చిన్న ప్రాణి వచ్చింది. చెవులు గుంజితే అరవదు, తిరిగి కొట్టదు, అమ్మకు చెప్పదు. అంటే వాడి చేతికి జీవితంలో మొదటిసారి అధికారం వచ్చింది. దాన్ని వాడు ఎట్లా వాడుతడన్నదే ఇక్కడ పెద్ద విషయం. పెద్దయినంక భార్య మీద, కూలోళ్ల మీద, కింది ఉద్యోగి మీద అధికారం దొరికినప్పుడు ఎట్లా ఉండాలో వాడి చెయ్యి ఇప్పుడే నేర్చుకుంటది.

వెట్టి చేసిన తాతల మనుమలం మనం. నోరు లేదని, తిరిగి కొట్టలేరని మన మీద ఏమేం చేసిండ్రో మన ఇండ్లల్ల ఇంకా చెప్పుకుంటరు. బలమున్నోడు బలం లేనోని మీద చెయ్యి ఎత్తడం తప్పని మనం ఊరి నడుమ నిలబడి చెప్తం. అదే మాట మన ఇంటి వసారాలో మన పిల్లగానికి చెప్పకపోతే ఎట్లా?

బుద్ధుడు ఇట్లాంటి పిల్లలను చూసిండు. శ్రావస్తికి జేతవనానికి మధ్య దారిలో కొందరు పిల్లలు చెరువులో చేపలను పట్టి హింసిస్తున్నరు. ఆయన కోపం చేయలేదు, బెత్తం పట్టలేదు, పాపం తగులుతదని బెదిరించలేదు. మీకు నొప్పి అంటే భయమేనా, నొప్పి మీకు ఇష్టమేనా అని అడిగిండు. పిల్లలు తమకు భయమే అన్నరు. అక్కడినుంచి పాఠం మొదలుపెట్టిండు. చూడండి, పిల్లల సొంత అనుభవాన్నే గురువు చేసిండు. మీ పిల్లగాడు కుందేలు చెవి గుంజితే వాడి చెవి మెలిపెట్టకండి. అట్లా చేస్తే వాడు నేర్చుకునేది ఒక్కటే, పెద్దోడు చిన్నోని చెవి గుంజొచ్చు అని. దగ్గర కూర్చోపెట్టుకొని, "నిన్ను ఎవరన్న గట్టిగ గుంజితే నీకు ఎట్లుంటది బిడ్డా?" అని అడగండి. జవాబు వాడినే చెప్పనియ్యండి.

ఏడేళ్లకే సంఘంలో చేరిన రాహులుడికి తండ్రి ఇచ్చిన అద్దం పాఠం కూడా ఇంటికి పనికొస్తది. అద్దంలో ముఖం చూసుకున్నట్టు పనిని చూసుకోమన్నడు. చేసే ముందు చూడు, చేసేటప్పుడు చూడు, చేసినంక చూడు. నాకు కీడా, ఎదుటివాళ్లకు కీడా, ఇద్దరికీ కీడా? మన పిల్లలకు దీన్ని మూడు చిన్న ప్రశ్నలు చేసి నేర్పొచ్చు. ముట్టే ముందు: "అది నా దగ్గరికి వచ్చిందా, నేనే దాని మీదికి పోతున్ననా?" ముట్టేటప్పుడు: "అది హాయిగా ఉందా, బిగుసుకపోయిందా?" ముట్టినంక: "చేతులు కడుక్కున్ననా?"

కుందేలున్న ఇంటికి పంచశీల

మొదటి శీలం, ప్రాణహింస చేయకపోవడం. కుందేలును మనం కావాలని చంపం. కానీ తెలియక చంపుతం. దాని వెన్నెముక చాలా సున్నితం, వెనక కాళ్లు చాలా బలం. సరిగ్గా పట్టుకోకపోతే అది తన్నుకునే ఊపులోనే దాని నడుము విరుగుతది. చెవులు పట్టి ఎత్తడం హింస. చిన్న పిల్లలు నిలబడి ఎత్తుకోవద్దు. నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చుంటే, ఇష్టమైతే అదే ఒళ్లోకి వస్తది. దానికి స్నానం చేయించొద్దు, ఆ భయానికే పానం మీదికి వస్తది. ఎండాకాలం మన దగ్గర 40 డిగ్రీలు దాటుతది. కుందేలుకు చెమట పట్టదు, వేడిని చెవుల ద్వారానే కొంత వదులుకుంటది. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం. రేకుల షెడ్డు కింద ఉంచొద్దు. చల్లని నేల, గాలి, నీళ్లు, తడిగుడ్డ చుట్టిన కుండ పక్కన ఉండాలె.

రెండో శీలం, ఇవ్వనిది తీసుకోకపోవడం. ఇది డబ్బు, వస్తువుల గురించే అనుకుంటం. కుందేలు తన నిద్రను మీకు ఇచ్చిందా? తింటున్నప్పుడు తన తిండిని ఇచ్చిందా? పొద్దున, సాయంత్రం చురుగ్గా తిరిగి, మధ్యాహ్నం పడుకోవడం దాని స్వభావం. పడుకున్నదాన్ని లేపి ఆడిపిస్తే ఇవ్వనిది తీసుకున్నట్టే. ఇంట్లో ఒక అట్టపెట్టెకు రెండు రంధ్రాలు చేసి మూలకు పెట్టండి. లోపలికి పోతే ఎవరూ చెయ్యి పెట్టొద్దు, అమ్మ కూడా, నాయిన కూడా. దానికి అభయ స్థలం అని పేరు పెట్టండి. శీలం పాటించేవాడు లెక్కలేనన్ని ప్రాణులకు అభయాన్ని దానం చేస్తడని బుద్ధుడు చెప్పిండు. ఆ దానం మన ఇంట్లో అట్టపెట్టెతో మొదలవుతుంది.

మూడో శీలం, కోరికను అదుపులో పెట్టడం. ముద్దొస్తుందని కొనడం, ఫొటో కోసం బొట్టు, రిబ్బను, డ్రెస్సు వేయడం, అడిగినవన్నీ తినిపించడం, అన్నీ మన కోరికే. కుందేలు కడుపు గడ్డి కోసం పుట్టింది. దాని పండ్లు బతికున్నంత కాలం పెరుగుతనే ఉంటయి. గడ్డి నమిలితేనే అరుగుతయి. తిండిలో ఎక్కువ భాగం గరిక, ఎండుగడ్డి ఉండాలె. కొత్తిమీర, మెంతికూర, ముల్లంగి ఆకు కొంచెం కొంచెం పెట్టొచ్చు. క్యారెట్ తీపి కాబట్టి ముక్క చాలు. బిస్కెట్లు, చాక్లెట్, అన్నం, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పెట్టొద్దు. పొలం గట్టు మీది గడ్డి కోసేముందు అక్కడ గడ్డిమందు కొట్టిండ్రా అని అడగండి. ఇక జతగా తెచ్చినోళ్లకు ఒక మాట. ఆడ కుందేలు నెలరోజులకే ఈనుతది, ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. ఒక్కో కాన్పుకు నాలుగైదు నుంచి ఎనిమిది పిల్లలు. ఆడను మగను వేరు పెట్టడమో, డాక్టరుతో ఆపరేషన్ చేయించడమో ముందే ఆలోచించాలె.

నాలుగో శీలం, అబద్ధం ఆడకపోవడం. "ఇది కరవదు" అని పిల్లలకు చెప్పకండి. భయపడితే కరుస్తది, గోకుతది. వేలికి తిండి వాసన వస్తే తిండి అనుకొని కరుస్తది. కరిస్తే సబ్బుతో పావుగంట సేపు నీళ్ల ధార కింద కడిగి దవాఖానలో చూపించాలె. తామర లాంటి చర్మరోగాలు కుందేలు నుంచి పిల్లలకు అంటొచ్చు. ఉబ్బసం ఉన్న పిల్లలకు దాని బొచ్చు, గడ్డి దుమ్ము పడకపోవచ్చు. ఇవి భయపెట్టడానికి కాదు, నిజం నిజంగా తెలియడానికి. అట్లనే కుందేలు చనిపోతే "ఊరికి పోయింది, నిద్రపోయింది" అనొద్దు. కిసా గోతమికి బుద్ధుడు ఆవాలు తెమ్మన్నది ఎందుకు? మరణం ప్రతి ఇంటికీ వచ్చినదేనని ఆమె తనంతట తాను చూడాలని. పిల్లలకు కూడా మెల్లగా, ఒళ్లో పెట్టుకొని, ఉన్న మాట చెప్పండి. ఏడిస్తే ఏడవనియ్యండి.

ఐదో శీలం, మత్తుకు దూరం. మత్తు ఎందుకొద్దు? ఏమరుపాటు తెస్తది కాబట్టి. ఈ రోజుల్లో ఇంటింటా ఉన్న మత్తు చేతిలో ఫోను. "నేను చూస్తనే ఉన్న" అని తల్లో తండ్రో మంచం మీద కూర్చొని ఫోను చూస్తుంటే, పిల్లగాడు, కుందేలు ఒకే గదిలో ఉంటే, అది కాపలా కాదు. ఒక్క నిమిషం చాలు. కుందేలుకు వైరు కొరకడం అలవాటు. చార్జర్ వైరు, కూలర్ వైరు కొరికితే దానికి షాకు. ఆ బయటపడ్డ తీగను బిడ్డ ముట్టుకుంటే బిడ్డకు షాకు. పిల్లలు, కుందేలు కలిసి ఉన్న సమయమంతా ఒక పెద్ద మనిషి చేతులు ఖాళీగా, కండ్లు వాళ్ల మీద ఉండాలె. సతి అంటే ఇదే, కండ్లు మూసుకొని కూర్చున్నప్పుడు మాత్రమే ఉండేది కాదు.

మెట్టు మెట్టుగా స్వేచ్ఛ

లింగంపేట నాగన్న మెట్ల బావి మన ఊరికి గర్వం. అంత లోతు బావిలో నీళ్లు అందాలంటే ఒక్కో మెట్టు దిగాలె, పైనుంచి దుంకితే నీళ్లు కాదు దెబ్బలు దొరుకుతయి. స్వేచ్ఛ కూడా అంతే. గూట్లో బంధించి ఉంచడం ఒక అంచు. ఇరవై నాలుగ్గంటలు ఇల్లంతా వదిలేయడం ఇంకో అంచు. బుద్ధుడు చూపింది మధ్యే మార్గం.

మొదటి మెట్టు, దానికంటూ ఒక చోటు. నిలబడ్డా చెవులు పైకి తగలని, మూడు నాలుగు దుంకులు దుంకగలిగిన కంచె. కింద జాలి వద్దు, పాదాలు పుండ్లు పడతయి. నున్నటి టైల్స్ కూడా జారుతయి కాబట్టి గోనెసంచి, చాప పరవండి. ఒక మూలకు గడ్డి వేసిన ట్రే పెడితే చాలా కుందేళ్లు అక్కడే ఉచ్చ పోయడం అలవాటు చేసుకుంటయి. పెద్దోళ్లు చూడలేని వేళ అది ఇక్కడే ఉండాలె. ఇది జైలు కాదు, దాని ఇల్లు.

రెండో మెట్టు, ఒక్క గది. వైర్లు పైకి కట్టండి. ఎలకల మందు, దోమల చుట్ట, ఫినాయిల్ తీసెయ్యండి. బీరువా వెనక సందు మూసెయ్యండి. బయటి తలుపు గొళ్లెం పెట్టండి, వీధికుక్కలు, పిల్లులు లోపలికి రాకుండా. పొద్దున బడికి పోయేముందు కొంతసేపు, సాయంత్రం వచ్చినంక కొంతసేపు వదలండి. కుందేలు తిరిగే వేళలు, పిల్లలు ఇంట్ల ఉండే వేళలు చక్కగా కలుస్తయి.

మూడో మెట్టు, పిల్లల వయసు. పాకే బిడ్డ, మూడేళ్ల లోపు పిల్లలు నేల మీద ఉన్నప్పుడు కుందేలు అదే నేల మీద ఉండొద్దు. వంతులు పెట్టుకోండి. మూడు నుంచి ఆరేడేళ్ల పిల్లలు పెద్దోళ్ల పక్కన కూర్చొని, చాచిన అరచేత్తో ఆకు అందించొచ్చు, నుదుటి మీద మెల్లగా నిమరొచ్చు. ఎత్తుకోవడం, వెంబడించడం వద్దు. ఇంకా పెద్ద పిల్లలకు గడ్డి కోయడం, నీళ్లు మార్చడం, ట్రే శుభ్రం చేయడం అప్పజెప్పొచ్చు. అప్పజెప్పినా బాధ్యత మాత్రం పెద్దోళ్లదే.

ఒక హెచ్చరిక గుర్తుపెట్టుకోండి. కుందేలు నొప్పిని దాచుకుంటది. అడవిలో నొప్పి చూపించినోడు ముందు వేటకు దొరుకుతడు కాబట్టి అది దాని స్వభావం. పూటంతా తినకుండా, పెంటికలు వేయకుండా మూలకు కూర్చుంటే రేపు చూద్దాం అనొద్దు. అదే రోజు పశువుల డాక్టరుకు చూపించాలె.

గడ్డి ఎవరు వేస్తున్నరు?

ఈ మాట మగవాళ్లు జర ఎక్కువ శ్రద్ధగా చదవాలె. కుందేలును తెచ్చింది నాయిన, ఆడుకునేది పిల్లలు, ఊడ్చేది, కడిగేది అమ్మ. పొద్దంతా కూలికి పోయొచ్చి, బీడీలు చుట్టి, వంట చేసి, దాని మీద ఈ పని కూడా. ఒక ప్రాణికి స్వేచ్ఛ ఇస్తున్నమని చెప్పి ఇంకో మనిషికి చాకిరీ పెంచితే అది ధమ్మం ఎట్లా అయితది? సిగాలోవాద సుత్తంలో మన కింద పనిచేసేటోళ్ల పట్ల మన బాధ్యతలు చెప్పిండు. శక్తికి తగ్గ పనే చెప్పాలె, తిండి పెట్టాలె, జబ్బు చేస్తే చూసుకోవాలె, విశ్రాంతి ఇవ్వాలె. ఇంటి ఆడవాళ్లకూ ఈ లెక్క వర్తించదా? ఆట బొమ్మగా తెచ్చిన కుందేలుకు వర్తించదా? తెచ్చేముందే ఇంటిల్లిపాది కూర్చొని ఎవరి వంతు ఏందో మాట్లాడుకోండి. కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతది. ఇప్పుడు మూడేళ్లున్న పిల్లగాడు పదో తరగతికి పోయేదాకా ఈ మాట నిలబెట్టాలె.

అంత సమయం, చోటు, ఓపిక మన ఇంట్ల లేకుంటే "వద్దు బిడ్డా" అనడం కూడా కరుణే. ప్రాణుల వ్యాపారం ఉపాసకులు చేయకూడని వ్యాపారాల్లో ఒకటని బుద్ధుడు చెప్పిండు. అమ్మొద్దన్నప్పుడు కొనేటప్పుడు కూడా మనం ఆలోచించాలె కదా. కొనకుండా, సాకలేక ఎవరన్నా ఇచ్చేస్తున్న కుందేలును చేరదీస్తే ఇంకా మేలు.

అడవిలో వదిలితే పుణ్యమా?

మోజు తీరినంక కొందరు దాన్ని సంచిలో పెట్టుకొని పోయి అడవి అంచున వదిలేస్తరు. "స్వేచ్ఛ ఇచ్చినం, పుణ్యం వస్తది" అంటరు. బంధువులారా, అది స్వేచ్ఛ కాదు. తెల్ల బొచ్చు దూరం నుంచే కనిపిస్తది. దానికి మన అడవి తెల్వదు, దాక్కోవడం తెల్వదు, నీళ్ల జాడ తెల్వదు. కుక్కలకో నక్కలకో దొరుకుతది. బతికితే తన రోగాలను అడవి ప్రాణులకు అంటించొచ్చు. చేతులు దులుపుకోవడానికి, బొచ్చు దులపడానికి చాలా తేడా ఉంది. శశ జాతకంలో కుందేలు బొచ్చు దులిపింది ఇతరుల ప్రాణం కాపాడటానికి. మనం చేతులు దులుపుకునేది మన బాధ్యత వదిలించుకోవడానికి. సాకలేని రోజు వస్తే, సాకగలిగే ఇల్లు వెతికి, దాని అలవాట్లన్నీ చెప్పి అప్పజెప్పండి.

కరుణ దాటి మైత్రి దాకా

బాబాసాహెబ్ అంబేద్కర్ "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథంలో కరుణకు, మైత్రికి తేడా చూపిండు. కరుణ మనుషుల పట్ల ప్రేమ. దాని దగ్గరే ఆగొద్దు, ప్రాణులన్నిటి పట్ల ప్రేమ అయిన మైత్రి దాకా పోవాలె అన్నడు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞల్లో 13వది ప్రాణులన్నిటి మీద దయ ఉంచి వాటిని కాపాడతానని. మన రాజ్యాంగం 51ఎ అధికరణ కూడా ప్రాణుల పట్ల దయ కలిగి ఉండటం పౌరుల ప్రాథమిక విధి అంటుంది. ఇంకా వెనక్కి పోతే, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద అశోకుడి శాసనాలు నేటికీ ఉన్నయి. అందులో మనుషులకు, పశువులకు రెండు రకాల వైద్యం ఏర్పాటు చేసినట్టు చెక్కించిండు. యుద్ధంలో లక్షమంది చావును చూసిన రాజు పశువు జబ్బు గురించి ఆలోచించిండంటే, మైత్రి చిన్న విషయం కాదని తెలుస్తుంది.

కొందరు అడుగుతరు, "మనుషులకే న్యాయం లేదు, కుందేళ్లకు ఎక్కడిది?" న్యాయమైన ప్రశ్నే. కానీ మైత్రి కుండలో నీళ్లు కాదు, ఒకరికి పోస్తే ఇంకొకరికి తక్కువ పడటానికి. కుందేలు బిగుసుకపోయిందని గుర్తుపట్టి చెయ్యి వెనక్కి తీసుకున్న పిల్ల, రేపు బడిలో పక్కన కూర్చున్న తోటి పిల్ల మౌనాన్ని కూడా గుర్తుపడుతది.

ఈ పున్నమికి వందన అయినంక పిల్లలను వాకిట్లోకి తీసుకపోండి. చందమామలో కుందేలును చూపించండి. మంటలోకి దూకే కథ చెప్పేటప్పుడు బొచ్చు దులిపిన సంగతి మర్చిపోకండి. అది ఎందుకు దులిపిందో మీరు చెప్పొద్దు, పిల్లలనే అడగండి. ఇంట్ల కుందేలుంటే, ఆ రాత్రి పడుకునేముందు ఇంటిల్లిపాది ఈ మాట అనుకోండి: మా ఇంట్లో పెద్ద ప్రాణికి, చిన్న ప్రాణికి, మాట్లాడేదానికి, మాట్లాడలేనిదానికి భయం లేకుండా చూసుకుంటం. ఒకరి సుఖం కోసం ఇంకొకరిని నలగనియ్యం.

ప్రాణులన్నీ సుఖంగా ఉండాలని కోరుకుంటూ, సాధు! సాధు! సాధు! జై భీమ్.